నోటికి వచ్చిన పాఠం కాగితం మీదికి రాకపోతే...

"మా వాడు ఐదో తరగతి. పాఠం ఒకసారి చదివి వినిపిస్తే చాలు, అప్పచెప్పేస్తాడు. క్రికెట్ స్కోర్లన్నీ నోటిమీద ఉంటాయి. పుస్తకం తెరిచి చదవమంటే మాత్రం చెమటలు పడతాయి. పరీక్షలో సగం కాగితం ఖాళీగా ఇచ్చి వస్తాడు. కళ్ళ డాక్టరుకి చూపించాం, కళ్ళజోడు అక్కర్లేదన్నారు. చెవులు బాగానే ఉన్నాయన్నారు. ట్యూషను రెండుసార్లు మార్చాం. జ్ఞాపకశక్తికని సీసాలకు సీసాలు టానిక్కు పట్టించాం. వాడికి బుర్ర లేదనుకోవాలా, బద్ధకమనుకోవాలా?"

ఇలా అడిగే తల్లులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఈ ప్రశ్నలో ఒక సంగతి గమనించారా? కళ్ళ డాక్టరు, చెవి డాక్టరు, ఇద్దరు ట్యూషను మేష్టార్లు, బడిలో టీచర్లు, మందుల షాపతను, ఇంతమంది ఆ పిల్లవాణ్ణి చూశారు. ఎవరు చూసింది వారు చెప్పారు. కాని వారిలో ఏ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. చూసినవారు తక్కువై కాదు, చూసినదంతా ఒకచోటికి చేరక ఆ పిల్లవాడు అలా ఉండిపోయాడు.

తెలివితేటలు మామూలుగానో, అంతకంటె ఎక్కువగానో ఉండి, చూపూ వినికిడీ సరిగా ఉండి, బడికి క్రమంగా వెళుతూ, చదవటంలోనో వ్రాయటంలోనో లెక్కల్లోనో మాత్రం తోటివారికంటె బాగా వెనకబడటాన్ని అభ్యసన వైకల్యం అంటారు. చదవటంలో అయితే డిస్‌లెక్సియా, వ్రాతలో అయితే డిస్‌గ్రాఫియా, లెక్కల్లో అయితే డిస్‌కాల్కులియా. ఒక పిల్లవాడిలో ఒకటే ఉండాలని లేదు. ఇది పెంపకంలో లోపం వల్ల వచ్చేది కాదు. అక్షరాన్ని చూసి దాని ధ్వనిని పట్టుకునే పని మెదడులో మందకొడిగా సాగటం వల్ల వచ్చేది. తరచు వంశంలో కనబడుతుంది. "నేనూ చిన్నప్పుడు ఇంతేనండీ, ఇప్పుడు బాగాలేనా?" అని తండ్రిగారు మీసం తిప్పుతారు చూశారూ, ఆ మాటను డాక్టరు చీటీ మీద వ్రాసుకుంటాడు. అది కూడా ఒక ఆధారమే.

ఎంతమందికి ఉంటుందంటారా? 2013లో వెలువడిన అమెరికన్ మనోవైద్యుల వర్గీకరణ గ్రంథం బడి వయస్సు పిల్లల్లో నూటికి 5 నుంచి 15 మందికి ఉంటుందని చెబుతోంది. తక్కువ లెక్కే తీసుకున్నా నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరన్నమాట. మగపిల్లవాడు అల్లరి చేస్తాడు గనుక దొరికిపోతాడు. ఆడపిల్ల వెనక బెంచీలో కూర్చుని, పక్క పిల్ల పుస్తకంలో చూసి గుండ్రంగా ఎక్కించుకుని, ఏడెనిమిది తరగతుల దాకా ఎవరి కంటా పడకుండా నెట్టుకొస్తుంది.

తెలుగు చదివే పిల్లల్లో ఇది ఎలా కనబడుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే పత్రికల్లోనూ సినిమాల్లోనూ చూపించేది ఇంగ్లీషు పిల్లల లక్షణాలు: బి, డి తారుమారు కావటం వగైరా. మన అక్షరాలకు ఆ గుర్తులు పనిచేయవు. మన పిల్లవాడు ఒత్తులు మింగేస్తాడు: 'అమ్మ' అని చెప్పి 'అమ' అని వ్రాస్తాడు. దీర్ఘం జారవిడుస్తాడు: 'పాలు' కాస్తా 'పలు' అవుతుంది. ప, వ తేడా తెలియదు, మ, య తేడా తెలియదు. గుణింతం వరుసగా అప్పచెబుతాడు గాని, మధ్యలోంచి 'కై' ఏదంటే మళ్ళీ 'క' దగ్గర్నుంచి మొదలుపెట్టి లెక్కపెట్టుకుంటూ వస్తాడు. కొందరైతే తప్పుల్లేకుండానే చదువుతారు. కాని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయేంత నెమ్మదిగా చదువుతారు. తెలుగులో అక్షరానికీ ధ్వనికీ పొత్తు తిన్నగా ఉంటుంది గనుక ఈ పిల్లలు తెలుగులో ఎలాగో నెట్టుకొచ్చి ఇంగ్లీషులో బోర్లాపడతారు. అప్పుడు ఇంట్లో వాళ్ళు "ఇంగ్లీషు మీడియం వీడికి పడలేదు" అని సరిపెట్టుకుంటారు.

అసలు సంగతి తెలియాలంటే రెండు భాషల్లోనూ చూడాలి. ఇంగ్లీషు ఒక్కటే రాకపోతే, ఇంట్లో ఆ భాష లేకపోవటమే కారణం కావచ్చు. తెలుగులోనూ చిక్కు ఉంటేనే అనుమానించాలి. అందువల్ల పరీక్ష చేసే సైకాలజిస్టును మొదటే అడగండి: "మా వాడి చేత తెలుగు కూడా చదివించి చూస్తారా?" బెంగుళూరులోనో చెన్నైలోనో కాపురముంటున్న తెలుగువారు ఈ ప్రశ్న మరీ తప్పకుండా అడగాలి. అక్కడ ఇంట్లో ఒక భాష, బడిలో రెండో భాష, పరీక్ష కాగితంలో మూడో భాష అవుతుంది.

ఇక్కడ ఒక పాత ముచ్చట చెబుతాను. ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు 1896లో ఒక 14 ఏళ్ళ కుర్రవాడి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశాడు. చురుకైనవాడు, ఆటల్లో తోటివారికి తీసిపోడు, చదవటం మాత్రం రాదు. చదువంతా నోటితోనే సాగితే బడిలో ఇంతటి చురుకైన పిల్లవాడు మరొకడుండడని అతనికి కొన్నేళ్ళు చదువు చెప్పిన మేష్టారు అభిప్రాయపడ్డాడు. ఆ అభిప్రాయాన్ని డాక్టరు తన వ్యాసంలో చేర్చాడు. అంటే ఈ జబ్బు వైద్యగ్రంథాల్లోకి ఎక్కినప్పుడే డాక్టరూ మేష్టారూ కలిసి ఎక్కించారు. తర్వాత అమెరికాలో 1925లో శామ్యూల్ ఆర్టన్ అనే మనోవైద్యుడు అయోవా రాష్ట్రంలో ఒక పల్లెప్రాంతానికి వెళ్ళి, చదువులో వెనకబడ్డారని టీచర్లు పంపిన పిల్లలను చూశాడు. ఆపైన అన్నా గిల్లింగ్‌హామ్ అనే విద్యావేత్త ఆయనతో పనిచేసి, కంటితో చూస్తూ, చెవితో వింటూ, చేత్తో దిద్దుతూ ఒకేసారి నేర్పే పద్ధతిని తయారుచేసింది. ఈనాటికీ ప్రత్యేక బోధనలో చాలా భాగం ఆ బాటలోనే నడుస్తోంది. ఇసుకలో వేలుపెట్టి, పైకి పలుకుతూ 'అ, ఆ' దిద్దించిన మన వీధిబడి పంతులుగారికి ఈ కిటుకులో కొంత తెలుసనే నా నమ్మకం.

సరే, ఎవరి దగ్గరికి, ఏ వరుసలో వెళ్ళాలి?

మొదట పిల్లల డాక్టరు. కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించేది ఆయన. రక్తహీనత, థైరాయిడ్ లోపం, నిద్ర చాలకపోవటం ఉన్నాయేమో చూసేది ఆయనే. కొందరు పిల్లలు పాఠం మధ్యలో కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతారు. టీచరు పరధ్యానం అంటారు. అది ఒక రకం మూర్ఛ కావచ్చు. దానికి మందు ఉంది. ఆ సెకన్ల సంగతి డాక్టరుకు గదిలో కనబడదు, రోజూ చూసే టీచరే చెప్పాలి. ఏకాగ్రత లోపం కూడా తరచు అభ్యసన వైకల్యానికి తోడుగా ఉంటుంది. అది ఉందో లేదో తేల్చాలన్నా బడిలో ఎలా ఉంటున్నాడో, ఇంట్లో ఎలా ఉంటున్నాడో రెండూ తెలియాలి. కనుక డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు క్లాసు టీచరుగారిని బతిమాలి ఒక పేజీ వ్రాయించుకు వెళ్ళండి: ఏ సబ్జెక్టులో వెనకబడ్డాడు, నోటితో అడిగితే ఎంత చెబుతాడు, ఏ పీరియడులో దిక్కులు చూస్తాడు, ఎప్పటినుంచి. ఆ పేజీ ముందు ఎంత ఖరీదైన స్కానింగూ దిగదుడుపే.

తర్వాత క్లినికల్ సైకాలజిస్టు. తెలివితేటలూ, చదవటం, వ్రాయటం, లెక్కలూ విడివిడిగా పరీక్షిస్తారు. ఒక పూట సరిపోదు, రెండు మూడుసార్లు పిలుస్తారు. మాట స్పష్టంగా లేకపోయినా, మాటల్లోని ధ్వనులు విడదీసి పట్టుకోలేకపోయినా స్పీచ్ థెరపిస్టు. పెన్సిలు పట్టు సరిగా లేక, నాలుగు లైన్లకే చెయ్యి నొప్పి అనేవాడైతే ఆక్యుపేషనల్ థెరపిస్టు. రోజువారీగా చదవటం నేర్పేది స్పెషల్ ఎడ్యుకేటరు. అందరి దగ్గరికీ అందరూ వెళ్ళక్కర్లేదు. సైకాలజిస్టులకు, ప్రత్యేక బోధకులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. బోర్డు మీద పేరు చూసి లోపలికి వెళ్ళటం కాదు, ఆ నంబరు అడగండి. అడిగితే మర్యాద తక్కువేమీ కాదు.

ఖర్చు భరించలేనివారికి ఒక దారి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో డి.ఇ.ఐ.సి. అనే కేంద్రాలు పెట్టారు. పిల్లల డాక్టరు, సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, ప్రత్యేక బోధకులు ఒకే కప్పుకింద ఉండాలన్నది అక్కడి ఏర్పాటు. మీ జిల్లా ప్రధాన ఆస్పత్రిలో వాకబు చేయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక టీచర్లు అక్కడ దొరుకుతారు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ 1984 నుంచి ఉన్నది. అది ముఖ్యంగా బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం ఏర్పడినా, ప్రత్యేక బోధకులను తయారుచేసే చోటు కూడాను.

ఇంతమంది దగ్గరికి తిరిగాక ఇంటికొచ్చేది ఏమిటి? ఇంగ్లీషులో ఆరేడు పేజీల రిపోర్టు. అన్నీ అంకెలు, శాతాలు. తండ్రి దాన్ని బీరువాలో పెడతాడు. ఒక జిరాక్సు కాపీ హెడ్మాస్టరు సొరుగులో ఉంటుంది. క్లాసు టీచరు దాన్ని కంటితో చూడనే చూడదు. తెలిసీ తెలియక ఎవరి పని వారు చేసుకుపోతారు. స్పెషల్ ఎడ్యుకేటరు మాటను ధ్వనులుగా విడదీసి, రోజుకు ఐదు మాటలు చాలంటుంది. బడిలో తప్పు వ్రాసిన ప్రతి మాటా ఇరవైసార్లు ఇంపోజిషను. ట్యూషను మేష్టారు ప్రశ్నలు, జవాబులు బట్టీ పట్టిస్తాడు. సాయంత్రం తాతగారు పేపరు పైకి చదవమని కూర్చోబెడతారు. అందరూ వాడి మంచి కోరేవారే. పదేళ్ళ పిల్లవాడు మాత్రం నాలుగు వైపులకూ లాగబడి, చివరికి "నాకు చదువు రాదు" అని తనకు తానే తీర్పు చెప్పుకుంటాడు. ఆ మాట వాడి నోట వచ్చిందంటే కడుపునొప్పులూ, బడి ఎగ్గొట్టటాలూ, అబద్ధాలూ వెంటనే వస్తాయి. అక్షరాల చిక్కును కొంతవరకు సరిచేయవచ్చు గాని, పోయిన ధైర్యాన్ని తిరిగి తేవటం అంతకంటె కష్టం.

కనుక రిపోర్టు చేతికిచ్చే రోజునే సైకాలజిస్టును ఒక మాట అడగండి: "అయ్యా, ఇందులో మా క్లాసు టీచరుగారు రేపటినుంచి చేయవలసిన మూడు పనులు, మానవలసిన రెండు పనులు ఒక కాగితం మీద తేలికైన మాటల్లో వ్రాసివ్వండి." వ్రాసివ్వటం ఆయన విధి. ఆ ఒక్క కాగితమే బడికి తీసుకువెళ్ళేది. దానితోపాటు మీరు సంతకం చేసిన రెండు లైన్ల ఉత్తరం ఇవ్వండి, ఫలానా డాక్టరుగారు, ఫలానా టీచరుగారు మా అబ్బాయి విషయం మాట్లాడుకోవటానికి మాకు అభ్యంతరం లేదని. మీ అనుమతి లేనిదే డాక్టరు మీ బిడ్డ సంగతి బయట చెప్పకూడదు. అందుకే చాలామంది పెదవి విప్పరు.

బడిలో ఒక ఇరవై నిమిషాల సమావేశం అడగండి. తల్లిదండ్రుల మీటింగు రోజు వద్దు, ఆ రోజు టీచరు ముందు పాతికమంది నిలబడి ఉంటారు. క్లాసు టీచరు, తెలుగు, లెక్కల టీచర్లు, మీరిద్దరూ, ప్రత్యేక బోధకురాలు ఉంటే చాలు. సైకాలజిస్టు రాలేకపోతే ఫోనులో మాట్లాడించవచ్చు. ట్యూషను మేష్టారిని అందరూ మరచిపోతారు. రోజుకు రెండు గంటలు పిల్లవాడి పక్కన కూర్చునేది ఆయనే. ఆయన్నీ పిలవండి. అక్కడ తేల్చుకోవలసినవి పెద్ద పెద్ద సిద్ధాంతాలు కావు. ముందు చెప్పకుండా క్లాసులో లేపి పైకి చదివించవద్దు. బోర్డు మీది నోట్సు ఎక్కించలేకపోతే జిరాక్సు ఇవ్వండి. సైన్సు, సోషల్ పేపర్లలో అక్షరదోషాలకు మార్కులు కోయవద్దు. సగం జవాబులు నోటితో అడగండి. ఇంపోజిషన్లు మానండి. నలభై మందిని చూసుకునే టీచరుకు ఇంతకంటె ఎక్కువ చెప్పటం న్యాయం కాదు. చెప్పినా జరగదు. వాడి మంచి పనుల్లో ఏవి క్లాసులో పైకి తెప్పించవచ్చో కూడా అక్కడే మాట్లాడుకోండి. పదేళ్ళు నిండినవాడైతే చివరి ఐదు నిమిషాలు పిల్లవాణ్ణి లోపలికి పిలిచి, "నీకు ఏది కష్టంగా ఉంది?" అని అడగండి. పెద్దలెవ్వరికీ తట్టని జవాబు చెబుతాడు.

ఇంతమందికీ మధ్య ఉత్తరాలు మోసేది ఒక లాంగ్ నోట్‌బుక్. పిల్లవాడు ఎవరి దగ్గరికి వెళితే అది వారి చేతికివ్వండి. తేదీ వేసి, ఈ రోజు ఏం చేశాం, ఇంటిదగ్గర ఏం చేయాలి, అని మూడు లైన్లు వ్రాయమనండి. మందు మారితే డాక్టరు అందులోనే వ్రాస్తాడు, క్లాసులో నిద్రపోతే టీచరు అందులోనే వ్రాస్తుంది. ఎడమ పేజీ మీకు. ప్రతి శనివారం, వాడి స్థాయికి తగిన ఒక పేరా ఇచ్చి, గడియారం పెట్టి ఒక్క నిమిషం చదివించండి. ఎన్ని మాటలు సరిగా చదివాడో వ్రాయండి. తిట్టవద్దు, మెచ్చుకోలు కూడా ఒక మాటతో చాలు. మూడు నెలలకు ఆ అంకెలు చూస్తే చేస్తున్న పని పనికొస్తోందో లేదో ఎవరికైనా తెలిసిపోతుంది. అంకె కదలకపోతే పద్ధతి మార్చమని అడిగే హక్కు మీకుంది. ఈ వ్యవహారానికంతా ఒక పెద్దదిక్కు ఉండాలి. ప్రత్యేక బోధకురాలైతే ఉత్తమం. లేకపోతే క్లాసు టీచరు. ఆ బరువు తల్లి నెత్తిన ఒక్కదాని మీదే వేయటం మన ఇళ్ళల్లో అలవాటు. నోట్‌బుక్ మోయటం ఆమె చేయగలదు, అందరినీ అదిలించటం ఆమె పని కాకూడదు.

దారిలో ఎదురయ్యే దుకాణాల సంగతి ఒక్క మాట. రంగు కళ్ళద్దాలూ, కంటి కసరత్తులూ డిస్‌లెక్సియాను తగ్గిస్తాయనటానికి ఆధారం లేదని అమెరికాలో పిల్లల డాక్టర్లూ కంటి డాక్టర్లూ కలిసి 2009లో ఒక ప్రకటన చేశారు. జ్ఞాపకశక్తి టానిక్కులు కూడా చదవటం నేర్పవు. దృష్టి లోపం ఉంటే కళ్ళజోడు పెట్టించవలసిందే, కాని ఆ కళ్ళజోడు ఆ లోపానికే. అభ్యసన వైకల్యానికి మందుబిళ్ళ లేదు. ఏకాగ్రత లోపం కూడా ఉంటే దానికి మందులున్నాయి, డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి.

ఇక కాగితాల సంగతి. 1995 నాటి చట్టంలో ఈ వైకల్యం పేరే లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని చేర్చింది. ఆ చట్టంలోని 16వ సెక్షను ప్రకారం పిల్లల్లో ఈ లోపాన్ని వీలైనంత త్వరగా కనిపెట్టి, తగిన బోధన ఏర్పాటు చేయవలసిన బాధ్యత విద్యాసంస్థలది. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు, మూడో తరగతిలోపు లేదా ఎనిమిదేళ్ళలోపు టీచర్లే ప్రాథమిక పరీక్ష చేయాలనీ, అనుమానం ఉన్నవారిని పిల్లల డాక్టరుకు పంపాలనీ, సర్టిఫికెట్టును ఒక్క డాక్టరు కాక పిల్లల డాక్టరు, సైకాలజిస్టు, ప్రత్యేక బోధకుడు వంటివారు కలిసి నిర్ణయించాలనీ చెప్పాయి. బృందం కూర్చోవటం ఎవరి దయాధర్మమో కాదు, నియమం. ఈ నిబంధనలను ప్రభుత్వం అప్పుడప్పుడు సవరిస్తూ ఉంటుంది గనుక దరఖాస్తు చేసే ముందు జిల్లా ఆస్పత్రిలో తాజా నియమాలు కనుక్కోండి. ప్రైవేటు సైకాలజిస్టు రిపోర్టు చికిత్సకు పనికొస్తుంది, పరీక్షల బోర్డుకు సాధారణంగా చాలదు. "సర్టిఫికెట్టు తీసుకుంటే పెళ్ళిసంబంధాలు రావేమో" అని ఆడపిల్లల తల్లిదండ్రులు వెనకాడుతున్నారు. ఆ కాగితం గోడకు తగిలించేది కాదు. కావలసినచోట చూపించి మళ్ళీ బీరువాలో పెట్టుకునేది.

పదో తరగతి పరీక్షల్లో ఏ బోర్డు ఏ వెసులుబాటు ఇస్తుందో తొమ్మిదో తరగతిలోనే హెడ్మాస్టరుగారి ద్వారా తెలుసుకోవాలి. సి.బి.ఎస్.ఇ. పరీక్షల్లో సర్టిఫికెట్టు ఉన్న పిల్లలకు గంటకు 20 నిమిషాల చొప్పున, అంటే మూడు గంటల పేపరుకు ఒక గంట, అదనపు సమయం ఇస్తున్నారు. వ్రాసిపెట్టే సహాయకుణ్ణి కూడా అడగవచ్చు. మిగిలిన బోర్డుల నియమాలు వేరుగా ఉంటాయి. పరీక్ష ఫీజు కట్టేనాటికి సర్టిఫికెట్టు చేతిలో ఉండాలి. ఆస్పత్రిలో తేదీ దొరకటానికే నెలలు పట్టవచ్చు. సహాయకుడి విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. నోటితో చెప్పి మరొకరిచేత వ్రాయించటం ఒక విద్య. ఎక్కడ పేరా ఆపాలి, బొమ్మ ఎక్కడ వేయమనాలి, వ్రాసింది మళ్ళీ చదివించుకుని ఎలా దిద్దించాలి, ఇవన్నీ అభ్యాసం మీద రావలసినవే. పరీక్ష గదిలో మొదటిసారి అపరిచితుడి పక్కన కూర్చుంటే, నోటినిండా పాఠం ఉన్న పిల్లవాడు కూడా బిక్కచచ్చిపోతాడు. దసరా సెలవుల్లో మొదలుపెట్టి వారానికి ఒక పాత ప్రశ్నపత్రం, పక్కింటి తొమ్మిదో తరగతి పిల్లచేత వ్రాయిస్తూ, నాలుగు గంటలకు గడియారం పెట్టి కూర్చోబెట్టండి. ఆ జవాబు పత్రాలు క్లాసు టీచరుగారే దిద్దేలా మాట్లాడుకోండి.